అగ్నిపర్వత దీవులు

సముద్రం అడుగున నేల చీలి, భూమి లోపలి నుంచి కరిగిన రాయి ఉబికి, గడ్డకట్టి, దాని మీద మళ్లీ ఉబికి, మళ్లీ గడ్డకట్టి, ఇలా పేరుకుంటూ పోయి ఒకనాటికి నీటిమట్టాన్ని దాటి పైకి వచ్చిన నేలను అగ్నిపర్వత దీవి అంటారు. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి, అట్లాంటిక్‌లోని ఐస్‌లాండ్, హిందూ మహాసముద్రంలోని మారిషస్, రియూనియన్, మన దేశానికి చెందిన బారెన్ దీవి ఇలా పుట్టినవే. దీవులు నీటి మీద తేలుతూ ఉంటాయని చిన్నపిల్లలు అనుకోవడం సహజం. కానీ ఈ దీవులేవీ తేలవు. అగ్నిపర్వత దీవి అంటే సముద్రం అడుగున పాదాలు ఆనించి నిలబడ్డ కొండ. మనకు కనిపించేది దాని తల మాత్రమే. హవాయిలోని మౌనా కియా శిఖరం సముద్రమట్టం నుంచి 4,207 మీటర్ల ఎత్తు. దాన్నే సముద్రం అడుగు నుంచి కొలిస్తే 10 వేల మీటర్లు దాటుతుంది. అంటే మొదలు నుంచి చివరి దాకా చూస్తే అది ఎవరెస్టు కన్నా పొడుగైన కొండ.

సికింద్రాబాద్‌లోని నేరేడ్‌మెట్ పిల్లలకు సముద్రం చూడాలంటే రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. దీవుల కథ తమది కాదని వాళ్లకు అనిపించవచ్చు. కానీ పశ్చిమ తెలంగాణను నల్లరాతితో కప్పిన వేడీ, మారిషస్ దీవిని కట్టిన వేడీ భూమి లోపల ఒకే తావు నుంచి వచ్చాయి. అందుకే ఈ కథను ఇంటి దగ్గరి రాళ్ల నుంచే మొదలుపెట్టాలి.

నేరేడ్‌మెట్ గుండ్లు, వికారాబాద్ నల్లరాయి

నేరేడ్‌మెట్, సైనిక్‌పురి, మౌలాలి చుట్టుపక్కల ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ పెద్ద గుండ్లు ఇళ్ల మధ్య ఇప్పటికీ అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. అగ్నిపర్వతం ఎప్పుడో పేలి ఈ రాళ్లను విసిరేసిందని చాలామంది పిల్లలు, కొందరు పెద్దలు కూడా అనుకుంటారు. అది నిజం కాదు. ఇవి గ్రానైటు రాళ్లు. వీటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. కరిగిన రాయి భూమి పైకి రాకుండా, కొన్ని కిలోమీటర్ల లోతులోనే ఆగి, చాలా నెమ్మదిగా చల్లారితే గ్రానైటు అవుతుంది. నెమ్మదిగా చల్లారింది కాబట్టి అందులోని ఖనిజాలు పెద్ద పెద్ద స్ఫటికాలుగా పెరగడానికి వ్యవధి దొరికింది. విరిగిన గ్రానైటు ముక్కను ఎండలో తిప్పి చూస్తే గులాబీ రంగు గింజలు, తెల్లటి గింజలు, మెరిసే పలుగురాయి, నల్లటి అభ్రకం రేకులు విడివిడిగా కంటికి కనిపిస్తాయి. దాని పైన ఉన్న రాయి అంతా కోట్ల ఏళ్ల వానకూ గాలికీ అరిగి కొట్టుకుపోయాక ఈ బండలు బయటపడ్డాయి. తర్వాత పగుళ్ల వెంట నీరు దిగింది. ముందుగా మూలలు అరిగాయి. అలా పలకలుగా ఉన్న బండలు గుండ్లుగా మారాయి. వీటిని ఎవరూ విసరలేదు, ఎక్కడి నుంచీ దొర్లి రాలేదు. ఉన్నచోటే గుండ్రబడ్డాయి.

ఇప్పుడు సికింద్రాబాద్‌లో రైలెక్కి వికారాబాద్ వైపు వెళ్తే నేల మారిపోతుంది. గుండ్లు తగ్గిపోతాయి. నల్లరేగడి చేలు మొదలవుతాయి. అక్కడి రాయి నల్లగా, బరువుగా ఉంటుంది. అందులోని గింజలు కంటికి ఆననంత సన్నగా ఉంటాయి. ఇది బసాల్టు, అంటే భూమి పైకి పొంగి త్వరత్వరగా చల్లారిన లావా. గింజలు పెరిగే వ్యవధి దానికి దొరకలేదు. పైగా దాని పదార్థమే వేరు. గ్రానైటులో కన్నా బసాల్టులో ఇనుము, మెగ్నీషియం ఎక్కువ. ఆ నల్లరంగు అందుకే. అనంతగిరి కొండల మీద కనిపించే ఎర్రటి బొరియల రాయి కూడా ఒకప్పుడు ఈ బసాల్టే. లక్షల ఏళ్ల ఎండావానలకు మారి అలా అయింది. మూసీ నది అనంతగిరిలో, ఈ లావా నేల మీద పుట్టి, గ్రానైటు నేల మీద ఉన్న హైదరాబాద్‌కు పారుతుంది. ఇళ్లలో పరిచే తాండూరు బండలు మాత్రం ఈ రెండు కోవల్లోకీ రావు. అవి ఎప్పటిదో ఒక పాత సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి.

నేరేడ్‌మెట్ రాయి భూమి లోపలే ఆగిపోయిన శిలాద్రవం, వికారాబాద్ రాయి బయటికి పొంగిన శిలాద్రవం. దీవులను కట్టేది ఈ రెండో రకం.

కరిగిన రాయి ఎక్కడి నుంచి వస్తుంది?

పుస్తకాల్లోని బొమ్మలు చూస్తే భూమి లోపలంతా ఎర్రటి నిప్పుల సముద్రం ఉన్నట్టు అనిపిస్తుంది. అలా లేదు. మనం నిలబడే గట్టి పొరను భూపటలం అంటారు. దాని కింద 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉన్నది భూప్రావారం. అది చాలా వేడిగా ఉన్నా గట్టి రాయే. ఆ వేడికి కరిగిపోవలసిన రాయిని పైనున్న బరువు అణచి పట్టి ఉంచుతుంది. ఎక్కడైనా ఆ వేడి రాయి నెమ్మదిగా పైకి జరిగితే మీది బరువు తగ్గుతుంది, అప్పుడు అందులో కొంత భాగం కరుగుతుంది. కరిగినది చుట్టూ ఉన్న రాయి కన్నా తేలిక. అందుకే సందు దొరికిన చోటల్లా పైకి ఎక్కుతుంది. భూమి లోపల ఉన్నంతసేపు దాన్ని శిలాద్రవం అంటారు, బయటికి వచ్చాక లావా అంటారు. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. బసాల్టు లావా వేడి 1,100 నుంచి 1,200 డిగ్రీలు.

భూమి పైపొర ఒకే ముక్క కాదు. అది కొన్ని పెద్ద పలకలుగా విడిపోయి ఉంది, ఆ పలకలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతూ ఉంటాయి. సముద్రాల్లో అగ్నిపర్వతాలు ముఖ్యంగా మూడు తావుల్లో పుడతాయి. ఒకటి, రెండు పలకలు ఒకదానికొకటి దూరంగా జరిగే చోటు. ఐస్‌లాండ్ అలాంటి చీలిక మీదే ఉంది. రెండు, ఒక పలక మరో పలక కిందికి దిగిపోయే చోటు. జపాన్, ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లోని అగ్నిపర్వతాలు ఈ రకానివి. మూడు, పలకల అంచులతో పనిలేకుండా భూమి లోతుల నుంచి వేడి ఒకేచోట ఎగదన్నే తావు. శాస్త్రజ్ఞులు దాన్ని హాట్‌స్పాట్ అంటారు.

నీటి కింద నుంచి నీటి పైకి

దీవి పుట్టుకను మనుషులు మొదటి నుంచి దగ్గరగా చూసిన సందర్భాలు తక్కువ. వాటిలో అన్నిటికన్నా బాగా నమోదైనది ఐస్‌లాండ్ దక్షిణ తీరానికి ఆవల సముద్రంలో ఉన్న సర్ట్‌సీ. 1963 నవంబరు 14 తెల్లవారుజామున అక్కడ చేపలు పడుతున్న ఒక పడవవాళ్లకు సముద్రంలోంచి నల్లటి పొగ లేవడం కనిపించింది. ఏదో ఓడ తగలబడుతోందనుకుని సాయం చేయడానికి వెళ్లారు. దగ్గరికి వెళితే ఓడ లేదు, సముద్రమే పేలుతోంది. అక్కడ నీటి లోతు 130 మీటర్లు. మర్నాటికల్లా కొత్త నేల నీటి పైకి వచ్చేసింది.

పడవవాళ్లకు కనిపించే ముందే నీటి కింద పని మొదలై ఉండాలి. చాలా లోతున లావా బయటికి వచ్చినప్పుడు దాదాపు చప్పుడే ఉండదు. పైనున్న నీటి బరువు ఆవిరిని వ్యాకోచించనివ్వదు. లావా పైపొర చన్నీళ్లకు తాకగానే గట్టిపడుతుంది. లోపలి లావా ఆ పొరను చీల్చుకుని పక్కకు ఉబుకుతుంది, అదీ గట్టిపడుతుంది. ఇలా ఉబ్బెత్తు ముద్దలు గుట్టలు గుట్టలుగా పేరుకుంటాయి. సముద్రం అడుగున పుట్టే లావాకు ఇదే గుర్తు. ఇప్పుడు నేల మీద ఉన్న రాయిలో అలాంటి ముద్దలు కనిపిస్తే, అది ఒకప్పుడు నీటి అడుగున పుట్టిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పగలుగుతారు.

గుట్ట పెరిగి నీటిమట్టానికి దగ్గరైన కొద్దీ తీరు మారుతుంది. ఇప్పుడు నీటి బరువు తక్కువ. లావా తగలగానే నీరు ఒక్కసారిగా ఆవిరై, లావాను పొడిపొడిగా చిమ్ముతుంది. సర్ట్‌సీ దగ్గర పడవవాళ్లు చూసిన నల్లటి మేఘం ఆ పొడే. అది తిరిగి చుట్టూ పడి దిబ్బగా పెరుగుతుంది. అయితే వట్టి బూడిదతో ఏర్పడిన దిబ్బను అలలు కొన్ని నెలల్లోనే కోసేస్తాయి. సముద్రంలో తల ఎత్తి మళ్లీ మాయమైన దీవులు చాలా ఉన్నాయి. సర్ట్‌సీ పక్కనే అదే రోజుల్లో పుట్టిన రెండు చిన్న దీవులు అలాగే పోయాయి. సర్ట్‌సీ నిలవడానికి కారణం ఉంది. 1964లో అగ్నిపర్వత బిలంలోకి సముద్రపు నీరు రావడం ఆగిపోయింది. అప్పటి నుంచి పేలుళ్లకు బదులు లావా ప్రశాంతంగా పారి, బూడిద మీద గట్టి రాతి కప్పు పరిచింది. ఆ కప్పే దీవిని కాపాడింది. 1967 జూన్‌లో విస్ఫోటనం ఆగే సరికి దీవి విస్తీర్ణం దాదాపు 2.7 చదరపు కిలోమీటర్లు. తర్వాత అలల కోతకు అది సగానికి తగ్గింది.

సర్ట్‌సీ మీదికి శాస్త్రజ్ఞులను తప్ప ఎవరినీ వెళ్లనివ్వరు. బండరాయి తప్ప మరేమీ లేని నేల మీదికి ప్రాణం ఎలా వస్తుందో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. 1965లోనే, విస్ఫోటనం ఇంకా సాగుతుండగానే, సముద్రం మోసుకొచ్చిన విత్తనం నుంచి మొదటి మొక్క మొలిచింది. తర్వాత నాచులు, గడ్డి వచ్చాయి. పక్షులు గూళ్లు కట్టాయి. వాటి రెట్టలతో రాతి మీద ఎరువు చేరి మొక్కలు వేగంగా పెరిగాయి. ఒకసారి అక్కడ టమాట మొక్క మొలిచింది. అది మనుషుల ద్వారా వచ్చిందని తేలడంతో పీకేశారు. ప్రకృతి తనంతట తాను ఏం చేస్తుందో చూడాలన్నదే అక్కడి నియమం. 2008లో యునెస్కో ఈ దీవిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పలక కింద పలక: బారెన్ దీవి

మన దేశంలో ఇప్పటికీ నిప్పులు కక్కుతున్న అగ్నిపర్వతం బారెన్ దీవి ఒక్కటే. అది పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, ఈశాన్యంగా 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో చాలామంది ఉన్నారు. విశాఖ నుంచి అక్కడికి ఓడలు నడుస్తాయి. బారెన్ దీవిలో మాత్రం మనుషులెవరూ నివసించరు.

భారత పలక అండమాన్ దగ్గర మరో చిన్న పలక కిందికి దిగుతోంది. దిగే పలక తనతో పాటు సముద్రపు నీటిని రాళ్లలో ఇమిడ్చి లోపలికి తీసుకుపోతుంది. ఆ నీరు లోతుల్లో రాళ్ల నుంచి విడిపడి పైనున్న వేడి రాయిలోకి చేరుతుంది. నీరు కలిసిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. అలా కరిగినదే బారెన్ దీవిని కట్టింది. చుట్టూ సముద్రం రెండు వేల మీటర్లకు పైగా లోతు ఉండగా, నీటి పైన కనిపించే కొండ ఎత్తు 354 మీటర్లే. 1787లో అది నిప్పులు కక్కడం నావికులు చూసి రాశారు. పందొమ్మిదో శతాబ్దంలో నిద్రలోకి జారి, శతాబ్దానికి పైగా ఊరుకుని, 1991లో మళ్లీ లేచింది. ఆ తర్వాత ఎన్నోసార్లు బూడిద, లావా చిమ్ముతూనే ఉంది. దానికి ఉత్తరాన ఉన్న నార్కొండం కూడా అగ్నిపర్వత దీవే గానీ చాలా కాలంగా చల్లబడి, దట్టమైన అడవితో నిండి ఉంది. ఆ దీవి పేరుతోనే పిలిచే ఒక కొమ్ముపిట్ట ప్రపంచంలో అక్కడ తప్ప మరెక్కడా ఉండదు.

కదిలే పలక, కదలని వేడి

హాట్‌స్పాట్ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే కుట్టుమిషన్‌ను గమనించాలి. సూది ఒకే చోట పైకీ కిందికీ ఆడుతుంది, గుడ్డ జరుగుతుంది, గుడ్డ మీద కుట్లు వరుసగా పడతాయి. భూమి లోతుల్లోని హాట్‌స్పాట్ దాదాపు ఒకే తావున ఉంటుంది. దాని పైనున్న పలక జరుగుతూ ఉంటుంది. వేడి పైకి పొడుచుకు వచ్చినప్పుడల్లా ఆ పలక మీద ఒక అగ్నిపర్వతం లేస్తుంది. పలకతో పాటు అది పక్కకు జరిగిపోయి చల్లారుతుంది, దాని వెనక కొత్తది పుడుతుంది. వరుసలో ఒక కొసన ఉన్నది వయసులో అన్నిటికన్నా చిన్నది, రెండో కొసన ఉన్నది వయసులో అన్నిటికన్నా పెద్దది. హవాయి దీవుల వరుస ఇలాంటిదే. అక్కడ తర్వాతి అగ్నిపర్వతం అప్పుడే నీటి కింద పెరుగుతోంది. దాని శిఖరం ఇంకా సుమారు ఒక కిలోమీటరు లోతున ఉంది.

తెలుగు నేలకు సంబంధించిన హాట్‌స్పాట్ రియూనియన్ దీవి కింద ఉంది. మడగాస్కర్‌కు తూర్పున ఉన్న ఆ దీవి ఫ్రాన్సు పాలనలో ఉంది. నేరేడ్‌మెట్ నుంచి అది సుమారు 5 వేల కిలోమీటర్ల దూరం. 6.6 కోట్ల ఏళ్ల కిందట భారతదేశం ఇప్పుడున్న చోట లేదు. భూమధ్యరేఖకు దక్షిణాన ఉండి, ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా వేగంతో ఉత్తరానికి జరుగుతోంది. పలకల లెక్కన అది పరుగే. ఇప్పుడు మన పలక వేగం ఏడాదికి 5 సెంటీమీటర్లే. ఆ ప్రయాణంలో దేశపు పడమటి భాగం ఈ హాట్‌స్పాట్ మీదుగా వచ్చింది. నేల చీలి లావా పొంగింది. కొండలా పేలకుండా, పొడవాటి పగుళ్ల నుంచి వరదలా పారి, పొర మీద పొరగా పరుచుకుంది. పశ్చిమ కనుమల్లో ఆ పొరల మందం రెండు కిలోమీటర్లు దాటింది. ఇప్పుడు మిగిలి ఉన్న భాగమే దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇదే దక్కన్ ట్రాప్స్. వికారాబాద్ నల్లరాయి దాని తూర్పు అంచు. ఆ లావా ప్రవాహాలు నేరేడ్‌మెట్ గ్రానైటును ఇప్పుడు కప్పి లేవు.

ఆ లావాలో కొంత ఇంకా దూరం ప్రయాణించింది. రాజమహేంద్రవరం దగ్గర కాతేరులోనూ, గోదావరికి ఆవలి ఒడ్డున పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం ప్రాంతాల్లోనూ అదే వయసు నల్లరాయి ఉంది. పంగిడి క్వారీల కంకర గోదావరి జిల్లాలవాళ్లకు కొత్త కాదు. పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి లావా అక్కడికి చేరిందని, భూమి మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవేనని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అక్కడి లావా పొరల మధ్య సున్నపురాయిలో గవ్వలు, ఆలిచిప్పలు శిలాజాలుగా దొరుకుతాయి. అప్పటి సముద్రతీరం అక్కడే ఉండేదని వాటిని బట్టి తెలిసింది. మహారాష్ట్ర వైపు పొంగిన లావా తెలుగు నేల దాటి సముద్రపు ఒడ్డు తాకిందన్నమాట. నాకు తెలిసినంతలో మన ప్రాంతపు భూచరిత్రలో ఇంతటి గొప్ప ప్రయాణం మరొకటి లేదు.

దేశం ఉత్తరానికి జరిగిపోయింది, వేడి అక్కడే ఉండిపోయింది. దేశం వెనక సముద్రం వచ్చింది. ఆ సముద్రం అడుగున ఒకదాని తర్వాత ఒకటిగా అగ్నిపర్వతాలు లేచాయి. లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్ దీవులు ఆ వరుస మీదే ఉన్నాయి. 1987లో పరిశోధన ఓడ జాయిడిస్ రిజల్యూషన్ ఈ వరుస మీద సముద్రం అడుగున రంధ్రాలు తవ్వి రాళ్లు తీసింది. మాల్దీవుల దగ్గరి బసాల్టు వయసు సుమారు 5.7 కోట్ల ఏళ్లనీ, చాగోస్ దగ్గరిది 4.9 కోట్ల ఏళ్లనీ తేలింది. దక్షిణానికి పోయిన కొద్దీ వయసు తగ్గుతోంది. సుమారు 4 కోట్ల ఏళ్ల కిందట భారత పలక అంచు ఆ హాట్‌స్పాట్‌ను దాటిపోయింది. అప్పటి నుంచి ఆఫ్రికా పలక దాని మీద ఉంది. మారిషస్, రియూనియన్ ఆ పలక మీద పుట్టాయి. మారిషస్‌లోని పాత రాళ్ల వయసు 80 లక్షల ఏళ్లకు పైన. రియూనియన్ ఇంకా చిన్నది, ఇంకా పెరుగుతోంది.

రియూనియన్‌లో రెండు పెద్ద అగ్నిపర్వతాలు ఉన్నాయి. పితోఁ దె నేజ్ 3 వేల మీటర్లు దాటిన కొండ, చల్లారిపోయింది. పితోఁ ద లా ఫుర్నేజ్ ప్రపంచంలో ఎక్కువగా మేల్కొని ఉండే అగ్నిపర్వతాల్లో ఒకటి. కొన్ని ఏళ్లలో ఒకటి కన్నా ఎక్కువసార్లు పొంగుతుంది. 1977 ఏప్రిల్‌లో లావా ఒక ఊళ్లోకి దిగి చర్చిని చుట్టుముట్టి, గుమ్మం దగ్గర ఆగిపోయింది. చర్చి ఇప్పటికీ నల్లటి లావా గడ్డల మధ్య నిలబడి ఉంది. 2007లో లావా సముద్రంలోకి పారి తీరానికి కొత్త నేలను జోడించింది. అక్కడ దీవి పెరగడం మన కళ్ల ముందే జరుగుతోంది.

మారిషస్: లావా మీద తెలుగు ఊళ్లు

మారిషస్ అగ్నిపర్వతాలు వేల ఏళ్లుగా నిద్రపోతున్నాయి. క్యుర్‌పీప్ పట్టణంలో త్రూ ఓ సెర్ఫ్ అనే పాత అగ్నిపర్వత బిలం ఉంది, ఇప్పుడు దాని లోపల చెట్లు, అడుగున నీళ్లు. షమరెల్ దగ్గర లావా రాయి మట్టిగా మారుతూ ఎరుపు, గోధుమ, ఊదా రంగుల్లో దిబ్బలుగా కనిపిస్తుంది. ఈ దీవి ఏ ఖండానికీ అతుక్కుని లేనందువల్ల ఎగిరి, ఈది, కొట్టుకువచ్చి చేరిన ప్రాణులే అక్కడ పెరిగాయి. ఎగరడం మానేసిన డోడో పక్షి అక్కడ తప్ప ఎక్కడా ఉండేది కాదు. మనుషులు, వాళ్లతో వచ్చిన జంతువుల వల్ల పదిహేడో శతాబ్దంలో అది అంతరించింది.

1834 నుంచి చెరకు తోటల్లో పనికి భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను అక్కడికి ఓడల్లో తీసుకుపోయారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లినందువల్ల అక్కడ వాళ్లకు కొరింగీలన్న పేరు వచ్చింది. పోర్ట్ లూయిస్‌లో వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్ ఇప్పుడు ప్రపంచ వారసత్వ స్థలం. చెరకు నాటాలంటే ముందు పొలాల్లోని నల్లరాళ్లు ఏరాలి. ఆ రాళ్లను కూలీలు చేతులతో ఏరి కుప్పలు పోశారు. చెరకు తోటల మధ్య ఆ కుప్పలు ఇప్పటికీ కనిపిస్తాయి. గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు అక్కడ ఏరిన రాయీ, తమ ఇంటి దగ్గర పంగిడిలో ఉన్న నల్లరాయీ ఒకే హాట్‌స్పాట్ నుంచి వచ్చాయి. వాళ్లకు ఆ సంగతి తెలిసే వీలు లేదు, అప్పటికి పలకల కదలిక గురించి లోకంలో ఎవరికీ తెలియదు. వాళ్ల వారసులు ఈ రోజుకీ ఉగాది చేసుకుంటారు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

మారిషస్ రాళ్లలో ఇంకో విడ్డూరం బయటపడింది. దీవి వయసు లక్షల ఏళ్లయితే, ఆ లావా రాళ్లలో 250 నుంచి 300 కోట్ల ఏళ్ల వయసున్న జిర్కాన్ అనే ఖనిజపు రేణువులు దొరికాయని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. లావా పైకి వస్తూ దారిలో ఉన్న ఏదో పాత నేల నుంచి వాటిని మోసుకొచ్చింది. భారతదేశం, మడగాస్కర్ విడిపోయినప్పుడు మధ్యలో మిగిలిన ఖండపు ముక్క ఒకటి మారిషస్ కింద ఉందని వాళ్లు భావిస్తున్నారు. నేరేడ్‌మెట్ గుండ్ల కాలపు నేల అన్నమాట.

దీవికి ముసలితనం

హాట్‌స్పాట్ నుంచి దూరం జరిగిన దీవికి కొత్త లావా అందదు. వాన కోస్తుంది, అలలు కోస్తాయి. అంతకన్నా ముఖ్యంగా, దాని కింది సముద్రపు నేల చల్లబడి కుంగుతుంది, దానితో దీవీ దిగబడుతుంది. వెచ్చటి సముద్రాల్లో అప్పుడు పగడపు పురుగులు రంగంలోకి వస్తాయి. ఇవి చిన్న ప్రాణులు. సున్నపు గూళ్లు కట్టుకుని, దీవి అంచు చుట్టూ నీటిలో దిబ్బగా పెరుగుతాయి. ఎండ కావాలి కాబట్టి దీవి దిగబడిన కొద్దీ అవి పైకి పైకి కట్టుకుంటూ పోతాయి. చివరకు మధ్యనున్న కొండ పూర్తిగా మునిగిపోయినా చుట్టూ పగడపు వలయం మిగులుతుంది. మధ్యలో కొండ బదులు లోతు తక్కువ మడుగు ఉంటుంది. ఈ సంగతిని చార్లెస్ డార్విన్ 1842లో రాసిన పుస్తకంలో ఊహించి చెప్పాడు. ఇరవయ్యో శతాబ్దంలో పసిఫిక్ పగడపు దీవుల్లో లోతుగా తవ్వినప్పుడు అడుగున అగ్నిపర్వత రాయి తగిలి ఆయన మాట నిజమని తేలింది. లక్షదీవుల్లో నల్లరాయి కనిపించదు. అంతా తెల్లటి పగడపు ఇసుకే. అగ్నిపర్వతం ఆ ఇసుక కింద చాలా లోతున ఉంది.

అగ్నిపర్వతం కట్టని దీవులు

దీవులన్నీ నిప్పు నుంచి పుట్టలేదు. కోనసీమ లంకలు గోదావరి తెచ్చిన ఒండ్రుతో ఏర్పడ్డాయి. కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట కూడా సముద్రమూ పులికాట్ సరస్సూ కలిసి మలిచిన ఇసుక నేలే. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో ముఖ్యమైనవి గ్రానైటు దీవులు. భారతదేశం నుంచి విడిపోయి వెనక మిగిలిన ముక్క అది. అక్కడి తీరంలోని గుండ్ల ఫొటో చూస్తే మౌలాలి గుర్తుకొస్తుంది, వాటి చుట్టూ సముద్రం ఉండడమొక్కటే తేడా.

ప్రమాదం, కాపలా

దీవిని కట్టిన అగ్నిపర్వతమే దాన్ని పడగొట్టగలదు. ఇండోనేషియాలోని క్రకటోవా 1883 ఆగస్టులో పేలి చాలావరకు కూలిపోయింది. ఆ శబ్దం 4,800 కిలోమీటర్ల దూరంలో, మారిషస్‌కు చెందిన రోడ్రిగ్స్ దీవిలో వినిపించింది. ఆ పేలుడూ, దానివల్ల లేచిన సునామీ కలిసి 36 వేలమందికి పైగా ప్రాణాలు తీశాయి. కూలిన చోటే 1927లో కొత్త అగ్నిపర్వతం నీటి పైకి వచ్చింది. దాని పేరు అనక్ క్రకటౌ. 2018 డిసెంబరు 22 రాత్రి దాని ఒక పక్క సముద్రంలోకి విరిగిపడి మళ్లీ సునామీ వచ్చింది. పెద్ద భూకంపం ముందుగా రాలేదు కాబట్టి తీరంలోని జనానికి హెచ్చరిక అందలేదు.

రియూనియన్‌లో శాస్త్రజ్ఞులు పితోఁ ద లా ఫుర్నేజ్‌ను రాత్రింబవళ్లు కనిపెట్టి ఉంటారు. శిలాద్రవం పైకి ఎక్కేటప్పుడు చిన్న చిన్న కంపాలు వస్తాయి, కొండ కొన్ని సెంటీమీటర్లు ఉబ్బుతుంది, వాయువులు మారతాయి. ఇవన్నీ పరికరాలు పట్టిస్తాయి. అందువల్ల అక్కడ లావా పొంగే ముందే మనుషులను పక్కకు తప్పించగలుగుతున్నారు. హిందూ మహాసముద్రంలో సునామీలను కనిపెట్టే మన దేశపు కేంద్రం హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో ఉంది. ఇన్‌కాయిస్ అనే ఈ సంస్థలో 2004 సునామీ తర్వాత, 2007లో హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రం అడుగున ఉంచిన పీడన పరికరాలు, తీరం వెంట నీటిమట్టాన్ని కొలిచే యంత్రాలు, భూకంపాలను పట్టే కేంద్రాలు పంపే సమాచారాన్ని అక్కడ పగలూ రాత్రీ చూస్తూ ఉంటారు. నేలలోని కంపాలతో పాటు నీటిమట్టాన్ని కూడా కొలవడం వల్ల, అనక్ క్రకటౌ లాంటి కొండ విరిగిపడి భూకంపం లేకుండా లేచిన అల కూడా దారిలో ఉన్న పరికరాలకు చిక్కే వీలుంది.